కరెంటు పెట్టిన నోరు

"మళ్ల అచ్చిందేమో బిడ్డా. జర చూడు."

మామ వెంకట్రాజం నోరు తెరిచాడు. రెండు వేళ్లు పట్టేంతకన్నా ఎక్కువ తెరుచుకోదు. కోడలు కావ్య ఫోన్ లైటు వేసింది. నాలుక పక్కన, పాత గడ్డ ఉన్నచోటే, అంచులు ఎర్రబడిన తెల్లటి పుండు.

కొత్తవాడలో జంపఖానాలు నేసి బతికిన మనిషి. దవడలో జర్దా పాన్ లేనిదే మగ్గం మీద కూర్చునేవాడు కాదు. నాలుకకు క్యాన్సరని రెండేళ్ల కింద కరెంటు, అంటే రేడియేషన్, పెట్టారు. అప్పుడు తల కదలకుండా ముఖానికి అచ్చుపోసి బిగించిన తెల్లటి జాలీ మాస్కును, చికిత్స అయ్యాక ఇంటికి తెచ్చుకున్నాడు. అత్తమ్మ లక్ష్మీనర్సమ్మ దానికి పసుపు కుంకుమ పెట్టి, దిష్టిబొమ్మలా గుమ్మం మీద కట్టింది. ముక్కు, గడ్డం మామవే, కళ్లే లేవు. గాలికి అది ఇంట్లోకి తిరిగితే కావ్య బిడ్డ మానస తల్లి కొంగులో దాక్కునేది.

"అది ఉండంగ రోగం గడప తొక్కదు. వేడి చేసింది, సబ్జాలు తాగుమను," అంది అత్తమ్మ.

"వేడైతే ఇన్ని దినాలు ఉంటదా అత్తమ్మా?"

"నీ సదువుల మంచిమాట ఒక్కటన్న లేదా?"

కావ్య జువాలజీ చదివింది. కరెంటుకు కాలినచోట మానని పుండు పడొచ్చు. చావని కణం మళ్లీ లేచినా అలాగే కనబడొచ్చు. ముక్క తీసి పరీక్షిస్తేనే తేలేది. మామ ఈ పుండును బతుకమ్మ పండుగ నుంచే దాస్తున్నాడు. దవాఖానకు పోతే భార్య కట్టిన దిష్టిబొమ్మ ఓడిపోయిందని ఒప్పుకున్నట్టే.

"మీ అత్త మొఖం ఎట్ల చూడాలె?" అన్నాడు. అన్నవాడే తెల్లారి కావ్యతో దవాఖానకు పోను చెప్పులేసుకున్నాడు.

ముక్క తీశారు. ఫలితం చెప్పేరోజు దవాఖాన క్యాంటీన్‌లో మామ ఉప్మా తెప్పించి, నోట్లో తడి లేదని నీళ్లు పోసి కలుపుకున్నాడు.

"రుచి తెలుస్తాందా మామా?"

"గడ్డి నయం. నువ్వూ తిను."

కావ్య ప్లేటు పక్కకు జరిపింది.

మళ్లీ వచ్చిందన్నాడు డాక్టరు. చిన్నదే, కోసి తీయొచ్చట. తర్వాతి మాటలు కావ్య చెవికెక్కలేదు. మామే అడిగాడు: "మాట ఉంటదా సారూ?"

ఆపరేషన్ అయ్యాక కూడా మాట ఉంది, ఇంట్లోవాళ్లకు అర్థమయ్యేంత. మళ్లీ వచ్చిందేమో చూసే పరీక్షకు పోయే ముందు, ప్రతిసారీ, వారమంతా ఎవరూ అతని నోటివంక చూడరు.

మొన్న మానస మెడలో కావ్య వేలికి చిన్న గడ్డ తగిలింది. జలుబు చేసినా పిల్లలకు గ్రంథులు ఉబ్బుతాయని తెలుసు. తెలిసినా ఆగలేదు. బిడ్డకు పెరుగన్నం పెట్టి, తనూ తిని, ఆ పూటే బిడ్డతో దవాఖానకు ఆటో ఎక్కింది. ఆనాడు క్యాంటీన్‌లో ఆమె ప్లేటు తిరిగి ముందుకు జరుపుతూ మామ అన్నాడు:

"భయమైన్నాడే పోవాలె బిడ్డా. కాని తిని పోవాలె. ఖాళీ కడుపుకు సగమే ఇనవడ్తది."