బీడు పెట్టిన బుగ్గ

మా అత్త పన్ను నొప్పని ఒకరోజు నోరు తెరిచి చూపించింది. పన్ను సంగతి అటుంచి, ఎడమ బుగ్గలో పొగాకు ముద్ద పెట్టుకునే చోట మీగడ అంటుకున్నట్టు తెల్లటి మచ్చ కనిపించింది. వేలితో తుడిచినా పోలేదు. మాది సీతారామపురం పక్క పల్లె. ఉదయగిరిలో బస్సు మారి ఆత్మకూరులో డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను.

ఆమె చిన్న బ్రష్షు తీసి ఆ మచ్చ మీద గట్టిగా తిప్పింది.

"పళ్లు తోముకొనే వచ్చినా తల్లీ" అంది అత్త.

"పళ్లకు కాదవ్వా. బుగ్గ పైపొర గీకి ఈ గాజు పలక మీద రాస్తే, లోపల చెడుతుందో లేదో మైక్రోస్కోపులో తెలుస్తుంది."

వారం తర్వాత మళ్లీ పోతే, క్యాన్సర్ గుర్తులేమీ కనిపించలేదంది. అయినా ఆ మచ్చ మంచిది కాదు, పొగాకు పూర్తిగా మానేసి మూడు నెలలకు మళ్లీ రమ్మంది. అత్త బుద్ధిగా తలూపింది.

మా మెట్టల్లో అలిసిన చేనును ఒక ఏడు బీడు పెట్టి పక్క చేనులో విత్తుతారు. అత్తకు అదే తోచింది. ముద్దను కుడి బుగ్గలోకి మార్చింది.

"మానెయ్యమనింది గదత్తా" అన్నాను.

"అలిసిపోయింది ఎడమది గదమ్మే. దాన్ని బీడు పెట్టినా. కుడిది ఇన్నేళ్లూ ఊరికే పడుండాది."

మామ మంచం మీద నుంచి, "నీకూ సేద్యం వచ్చునని ఇన్నాళ్లకు తెలిసిందే" అన్నాడు. అందరం నవ్వాము.

నిజంగానే ఎడమ పక్క మచ్చ పలచబడి, కొన్నాళ్లకు కనిపించకుండా పోయింది. వచ్చినవాళ్లందరికీ అత్త ఆ బుగ్గ తెరిచి చూపించేది. మూడు నెలలు దాటాయి. కంది కోతల్లో ఉన్నాము. "బాగైన నోటిని చూపించేదానికి అంత దూరం పోవాల్నా?" అంది. ఎవరమూ పట్టుబట్టలేదు.

కొన్నేళ్ల తర్వాత ఆమె కారం మానేసి, పూటపూటా మజ్జిగన్నమే అడగసాగింది. అడిగితే వేడి చేసిందనేది. కుడి బుగ్గలో పుండు కనిపించేసరికి అది గట్టిపడి ఉంది.

ఆత్మకూరులో మళ్లీ అదే బ్రష్షు. ఈసారి వచ్చిన ఫలితం మంచిది కాదు. ఆపరేషనుకు నెల్లూరు పొమ్మని డాక్టరమ్మ చీటీ రాస్తుంటే, అత్త నోరు తెరిచి, "ఎడమ పక్క చూడు తల్లీ" అంది.

లైటు వేసి చూసి, "ఇది బాగుందవ్వా" అంది డాక్టరమ్మ.

"మానేసుంటే కుడిది గూడా ఇట్లనే ఉండేదా?"

ఆమె లైటు ఆర్పింది. "ఉండేదేమోనవ్వా" అంది.

ఆ ఎడమ బుగ్గ అంత తొందరగా మానకపోయి ఉంటే, భయంతోనైనా గడువుకు ఆత్మకూరు పోయేవాళ్లమని నాకు అనిపిస్తుంటుంది. ఆపరేషను అయ్యాక ఇప్పుడు అత్త నోరు రెండు వేళ్లంత కూడా తెరుచుకోదు. ఆమె మాట ఇంట్లోవాళ్లకు తప్ప అర్థం కాదు. జావ మాత్రం మామే తాగిస్తాడు, తల కొంచెం వంచి, ఎడమ పక్క నుంచి.