సున్నా పెట్టి పంపిన ప్యాచ్

ముందే చెప్పేస్తున్నాను, నేను కోతలు కోస్తాను. ఐర్లండ్‌లోని నేవన్ ఊళ్లో మా ఇంటి మీద పడే వానని నేను వర్ణిస్తే అది ఏడేళ్లుగా తెరిపివ్వని వాన అయిపోతుంది. కాబట్టి సగం తీసేసి చదువుకోండి.

మా ఆవిడ డాక్టరు. కాజిల్‌బార్ ఆసుపత్రిలో ఉద్యోగం. సోమవారం వెళితే మళ్లీ శుక్రవారం సాయంత్రమే రావడం. నేను ఇంట్లోంచే పనిచేస్తాను. మా ఎస్టేటులో మూడు వేల ఇళ్లు, మూడు వేల ఒకేరకం తలుపులు. పగటిపూట వాటి వెనక మనుషులుండరు. ఆ వారం నాతో మాట్లాడింది కెటిల్ ఒక్కటే. అదీ కసురుకుంటూ.

బుధవారం, కంప్యూటరుకి గుండెకాయలాంటి కెర్నెల్ కోడును బిల్డ్ చేస్తుంటే, దాన్ని యంత్రభాషలోకి మార్చే కంపైలరు ఒక హెచ్చరిక వేసింది: ఫలానా వేరియబుల్‌కి విలువ ఇవ్వకుండానే వాడేస్తున్నట్టున్నావు, చూసుకో. మూడు రోజుల తర్వాత నన్నొకరు ‘చూసుకో’ అన్నారు. కీబోర్డు కన్నీళ్లతో తడిసి పాడైపోయిందని రాద్దామనుకున్నాను గానీ, ఆపుకుంటున్నాను.

వెతికితే తప్పు చిన్నదే. కంప్యూటరుకి తగిలించిన పరికరాల కోసం ఆ కోడు వెతుకుతుంది; ఏదైనా దొరికితే ఆ వేరియబుల్‌లోకి ఫలితం వస్తుంది. ఒక్కటీ దొరక్కపోతే అందులో ఉన్న పాత చెత్తే జవాబుగా బయటికి పోతుంది. అలాంటప్పుడు ‘పరికరం లేదు’ అనే ఎర్రర్ పంపాలి. ఆ సంగతి నాకు తెలుసు. కానీ సరిగ్గా రాస్తే, ఎక్కడో ఉండి ఆ కోడు బాధ్యత చూసే, ముఖమైనా తెలియని పెద్దమనిషి ‘తీసుకున్నాను, థాంక్స్’ అని ఊరుకుంటాడు. నాకు కావలసింది ఒక ఉత్తరం. మనిషి రాసిన, కాస్త పొడుగాటి ఉత్తరం.

అందుకని వేరియబుల్‌లో మొదట్లోనే సున్నా పెట్టి, ఆ సవరణని, అదే ప్యాచ్‌ని, ఆయనకి మెయిల్లో పంపాను. కంపైలరు నోరు మూసుకుంటుంది. కానీ అక్కడ సున్నా అంటే ‘అంతా బాగుంది’ అని. పరికరమే లేకుండా అంతా బాగుండటం! ఇది చూసి ఊరుకునే పెద్దమనిషి ఇంకా పుట్టలేదు.

మర్నాడు మధ్యాహ్నానికి జవాబొచ్చింది. నాలుగు పేరాలు! హెచ్చరిక ఎందుకొచ్చిందో ఆలోచించకుండా దాని గొంతు నొక్కడమేమిటని చీల్చి చెండాడాడు. శుభలేఖలా మూడుసార్లు చదువుకుని మా ఆవిడకి ఫోన్ చేసి చెప్పాను.

“తప్పని తెలిసే పంపారా?”

“తెలిసే.”

“మా వార్డులోనూ ఉన్నాడండీ ఒక తాత. రేపు డిశ్చార్జ్ అనగానే కడుపునొప్పి మొదలవుతుంది.”

“మరేం చేస్తావ్?”

“నొప్పి లేదని తెలిసినా పది నిమిషాలు పక్కన కూర్చుంటాను. మీ పక్కన కూర్చునే డ్యూటీ ఆ కోడు చూసే ఆయనకి లేదు కదా. సరిచేసి పంపేయండి.”

సిగ్గేసింది. సున్నా తీసేసి, ఎర్రర్ పెట్టి మళ్లీ పంపాను. గంటలో జవాబు: ‘తీసుకున్నాను, థాంక్స్. ఇంతకీ మీరుండేది ఎక్కడ?’

ఇక ఒప్పుకోవాలి. మిగతాదంతా సాగదీసిన నిజమే. పూర్తిగా కల్పించింది ఒక్క ఆ చివరి ప్రశ్నే. ఆయన అడగలేదు. అడుగుతాడేమోనని సాయంత్రం దాకా మెయిల్ తెరుచుకుని కూర్చున్న మాట మాత్రం, ఒక్క ముక్క కూడా పెంచకుండా చెబుతున్నాను.