నాకు నయమైంది, నా బిడ్డకు కాలేదు

అప్పుడు నాకు ఐదో నెల. వైశాఖమాసం. రాయచోటిలో ఇంటిల్లిపాదీ విసనకర్రలతో విసురుకుంటుంటే నేను దుప్పటి కప్పుకొని కూర్చున్నాను. ఎముకల్లోంచి చలి. రాట్నం మీద నూలు చుడుతూ చుడుతూ చేయి ఆగిపోయింది. కూర్చున్నచోటే నిద్రపోయాను.

"లోకంలో కడుపుతో ఉండేది నువ్వొక్కదానివేనా? ఒళ్లు వంగక నాటకాలు చేస్తాండావు," అంది మా అత్త. నిజమేనేమో అనుకున్నాను.

ముఖం ఉబ్బింది. గొంతు మగవాడి గొంతులా బొంగురుపోయింది. నెలలు నిండి నాగమ్మ పుట్టింది. "శానా మంచి బిడ్డ, ఏడ్సనే ఏడ్సదు," అని అందరూ మెచ్చుకుంటే మురిసిపోయాను. మూడో ఏడు వస్తేగాని అది నిలబడలేదు.

దానికి ఆరేళ్లప్పుడు నేను నేయడానికి మగ్గం గుంటలో దిగి మళ్లీ లేవలేకపోయాను. నా భర్త బండి కట్టి మిషన్ ఆసుపత్రికి తీసుకుపోయాడు. డాక్టరమ్మ నా గొంతు విని, నాడి పట్టి చూసి, "మిక్సిడీమా" అంది. మెడలో ఉండే థైరాయిడ్ గ్రంథి పనిచేయడం లేదట. ఆమె ఇచ్చిన టాబ్లెట్లతో రెండు నెలల్లో చలి పోయింది, వాపు దిగింది.

ఆశపడి నాగమ్మను కూడా తీసుకుపోయాను. డాక్టరమ్మ దాన్ని వరండాలో అటూ ఇటూ నడిపించింది. నాలుగోసారికి పిల్ల గోడ పట్టుకొని రొప్పింది.

"దీనికీ ఆ బిళ్లలే ఇయ్యండమ్మా."

"నీ జబ్బు లక్షణాలు పాపలో కనిపించడం లేదు. కడుపులో ఉన్నప్పుడు నీ థైరాయిడ్ నుంచి అందవలసిన బలం అందలేదేమో. నాకూ కచ్చితంగా తెలియదు."

"ఇప్పుడిస్తే ఆ బలం వస్తాదా?"

రాకపోవచ్చంది. నా బలవంతం మీద కొన్నాళ్లు ఇచ్చి చూసింది. పిల్లకు గుండెదడ పట్టుకుంది, ఒళ్లు చిక్కిపోయింది. ఆమే మాన్పించింది.

ఇప్పుడు నాగమ్మకు పదహారేళ్లు. మాట చురుకు, చేతిపని చక్కన. అరగంట మగ్గం తొక్కితే మాత్రం కాళ్లు వణుకుతాయి. బిందెడు నీళ్లు మోయలేదు. నేను దినమంతా తొక్కుతాను.

మొన్న నాగమ్మ నా కాళ్లవైపే చూస్తూ, "మా, నేను పుట్టకముందే నీకు ఆ బిళ్లలు దొరికింటే బాగుండు గదా," అంది. దాని గొంతులో కోపం లేదు. అందుకే తట్టుకోలేకపోయాను.

మీ ఇంట్లో గర్భిణికి ముఖం ఉబ్బినా, గొంతు మారినా, ఎండలో చలి అన్నా ఆసుపత్రికి తీసుకుపోండి. కాన్పు కానిమ్మని ఆగొద్దు. ఆ తర్వాత తల్లికి మందు ఉంది. బిడ్డకు ఉందని నాకు ఎవరూ చెప్పలేదు.