మోచేతి కింది రెండు చారలు

తిరుపతి ప్యాసింజరు కడంబత్తూరు స్టేషను దాటిన తర్వాత రంగనాయకమ్మ ఒడిలోని కాగితపు పొట్లం విప్పి, చూసి, వెంటనే మూసేసింది. ఎదుటి బల్ల మీద కూర్చున్న భర్త సుదర్శనం అది గమనించలేదు. ఆయన రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయి. మనుషులు ఆకారాలుగా, వస్తువులు రంగు మరకలుగా మాత్రమే ఆయనకు తెలుస్తున్నాయి.

పొట్లంలో ఉన్నది ఆయన పటాలంలో తొడుక్కున్న ఖాకీ చొక్కా. ఎలుకలు ఎడమ చేతి అంచు కొరికేస్తే, అతుకు వేయమని ఆమె తిరువళ్ళూరు బజారులోని దర్జీ భక్తవత్సలానికి ఇచ్చింది. పొంగల్ బట్టల రద్దీ. ముందు రోజు సాయంత్రం గానీ అతను దాన్ని తిరిగి ఇవ్వలేదు.

"అక్కా, చారలు ఒక చేతికే ఉండాయి, ఇంకో చేతివి యాడనో ఊడిపోయినట్టుండాది. నా దగ్గరుండే టేపుతో జత చేసినా. దానికి దుడ్లొద్దు, పెద్దాయనకు నా సలాము చెప్పు" అన్నాడు.

తమ ఊరు పాండూరుకు పోయే బస్సు కదలబోతుండడంతో ఆ మాటను ఆమె పట్టించుకోలేదు. ఇప్పుడు చొక్కా చూస్తే విషయమంతా తెలిసింది. భక్తవత్సలం పోలీసులకు బట్టలు కుట్టే మనిషి. అతుకు వేయడం అతనికి నామోషీ. రెండు చేతులూ మోచేతికి పైదాకా కత్తిరించి పొట్టి చేతుల చొక్కాగా మార్చాడు. ఎడమ చేతి నుంచి ఊడదీసిన పాత చారలను అదే వైపు భుజం కింద, తాను కత్తిరించిన కొత్త చారలను కుడి భుజం కింద కుట్టాడు. బాణపు మొనలా వంగిన ఆ చారల మొన రెండు వైపులా నేలకే ఉంది.

పై చేతుల మీద, మొన కిందికి ఉండే రెండు చారలు, సిపాయికి పై మెట్టయిన నాయక్ హోదాకు గుర్తు. సుదర్శనం నాయక్ కాడు. ఆయన చారలు ఎడమ చేతికి మాత్రమే, మోచేతికి మణికట్టుకు నడుమ, మొన పైకి ఉండేవి. అవి హోదాను తెలిపేవి కావు. ఇన్నేళ్ళ కొలువులో ఈ సిపాయి ఏ శిక్షా పడకుండా నడుచుకున్నాడని చెప్పేవి, అంతే. 1946లో ఆయన పాండూరుకు తిరిగి వచ్చినప్పుడు రంగనాయకమ్మ ఆ చారలనే ముందు చూసింది.

"ఇదేమి పదవి?" అని అడిగింది.

"పదవి గాదే. తప్పు చెయ్యకుండా ఉండినాడని గుర్తు."

"తప్పు చెయ్యనోళ్ళకు చారలిస్తే, నీకోసం కాసుకోని కూర్చున్న నాకు రెండు చేతులూ చాలవు గదా!"

ఆ మాటకు ఆయన చాలా రోజులు నవ్వుకున్నాడు. కానీ ఊళ్ళో ఎవరైనా "ఏమి నాయక్ సాబ్" అని పిలిస్తే మాత్రం నవ్వేవాడు కాడు. దున్నే ఎద్దులను ఆపి మరీ, "నాయక్ గాదు, సిపాయి" అని దిద్దేవాడు.

ఆ రోజు 1980 జనవరి ఒకటి. దొరల కాలంలో ఆ తేదీన అధికారుల బంగళాలకు పోయి సలాము చేసే వాడుక ఉండేదట. ఇప్పుడు అదే రోజున చుట్టుపక్కల ఊళ్ళ మాజీ సిపాయిలు పాత దుస్తులు వేసుకుని తిరుత్తణి కొండెక్కి, మొదటి సలాము సుబ్రహ్మణ్యస్వామికి చేస్తారు. ఆ తర్వాత కొండ కింది సత్రంలో తమ పాత అధికారి సుబేదారు సుందరరాజులు ఎదుట వరుసగా నిలబడతారు. డెబ్బై అయిదు దాటినా ఆయన ప్రతి గుండీనీ, ప్రతి పట్టీనీ తడిమి చూస్తాడు. మూడేళ్ళ కిందట పట్టాభిరామ్ ఊరి చౌడయ్య చనిపోయిన తన అన్న పతకాన్ని పెట్టుకుని వస్తే, అందరి ముందూ దాన్ని విప్పించాడు. చౌడయ్య మళ్ళీ తిరుత్తణికి రాలేదు. అప్పటినుంచి సొంత ఊళ్ళో కూడా తల దించుకునే నడుస్తున్నాడని అందరూ చెప్పుకుంటారు.

ఇప్పుడు రంగనాయకమ్మకు ఆ చౌడయ్యే గుర్తుకొచ్చాడు. కత్తెర లేదు, సూది లేదు. రైలు ఆగినచోటల్లా, ఇక్కడే దిగిపోతే బాగుండునని ఆమెకు అనిపించింది.

"చారలు బాగా కుట్టినాడా వాడు?" అని సుదర్శనం అడిగాడు.

"కుట్టినాడు." ఆ మాట అబద్ధం కాదు. అయినా ఆమె పొట్లాన్ని ఒడిలోకి ఇంకాస్త దగ్గరగా లాక్కుంది.

పక్కన ముడుపు మూటతో కూర్చున్న ఒకాయన కల్పించుకున్నాడు. "పెద్దాయనా, పటాలంలో ఏమి ర్యాంకు?"

"సిపాయి. చేరిన నాడూ సిపాయే, వచ్చిన నాడూ సిపాయే" అని సుదర్శనం తృప్తిగా చెప్పి, కుడి బొటనవేలితో తన ఎడమ ముంజేతిని నిమురుకున్నాడు. అది ఆయనకు పాత అలవాటు. రంగనాయకమ్మ కిటికీ వైపు తిరిగింది. చొక్కా తొడుక్కోగానే ఆ బొటనవేలు అక్కడికే పోతుంది.

తిరుత్తణిలో దిగి సత్రం చేరాక, ఆయన కొళాయి దగ్గర స్నానానికి కూర్చున్నాడు. ఆమె పొట్లం చంకలో పెట్టుకుని తల నీలాలు తీసే పందిరికి దాదాపు పరుగెత్తింది. మునుస్వామి అనే మంగలి కత్తికి పదును పెడుతున్నాడు.

"మొట్టైయా తాయీ? గుండు కొట్టాలా?"

"తలకు గాదు నాయనా, చొక్కాకు. ఈ చారలు ఊడదియ్యాల. గుడ్డ తెగరాదు."

మునుస్వామి చొక్కాను తిప్పి చూశాడు. "ఇన్నేళ్ళలో చొక్కాకు మొట్ట కొట్టమన్నది నువ్వే తాయీ. సామికి మొక్కుకున్నావా ఏంది?" అన్నాడు గానీ, ఆమె ముఖం చూసి ఇంకేమీ అడగలేదు. కత్తి మొనతో ఒక్కొక్క కుట్టే తెంపసాగాడు. భక్తవత్సలం కుట్టు మహా గట్టిది, రెండు వరుసలు వేశాడు. కుడి చేతివి ఊడివచ్చేసరికే చాలా సేపు పట్టింది. ఎడమ చేతి వైపు కత్తి తిప్పుతుండగా వెనక నుంచి గొంతు వినిపించింది.

"ఏమే, చొక్కా యాడ? ఆడ అందరూ కొండెక్కతా ఉండారు."

సుదర్శనం గొంతుల ఆనవాలు పట్టుకుని, దారి అడుక్కుంటూ వచ్చాడు. ఆమె ఏదో చెప్పబోయేలోపే చేతికి తగిలిన చొక్కా తీసుకుని తొడుక్కున్నాడు. బొటనవేలు ఎడమ ముంజేతి మీదికి పోయింది. చర్మం తగిలింది. మెల్లగా పైకి జరిగి, పొట్టి చేతి అంచు దాటి, చారల మొనను తాకింది. మొన కిందికి ఉంది.

ఆయన వేలు అక్కడే ఆగిపోయింది.

"నాయక్‌ను చేసినారా నన్ను?"

రంగనాయకమ్మ అంతా చెప్పింది. ఎలుకలు, కత్తెర, పోలీసు టేపు, రైలులో తాను దాచిన మాట, ఏదీ మిగల్చలేదు. "చెప్తే నువ్వు రావని భయపడినానయ్యా. కండ్లు పూర్తిగా పోకముందు సుబేదారును ఒకసారి చూడాలంటివి గదా. నీకు తెలియక ముందే తీసేద్దామనుకున్నా."

ఆయన ఎడమ భుజం కింది చారలను మరోసారి తడిమి చూశాడు. మునుస్వామి చేతిలో కత్తి ఊరికే ఉండిపోయింది.

"చారలు లేకుండా నిలబడితే, నిన్న చేరినోడి మాదిరి ఉంటా" అన్నాడు చివరికి. "ఉండనీ. లేనిది పెట్టుకోను. ఇవీ తియ్యప్పా."

కొండ మీద ఆయన స్వామికి మొదటి సలాము చేశాడు. కొండ దిగి వచ్చాక సత్రం వసారాలో అందరూ వరుస కట్టారు. రంగనాయకమ్మ స్తంభం పక్కన నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సుందరరాజులు కర్ర ఊనుకుంటూ, ఒక్కొక్కరి దగ్గరా ఆగుతూ వచ్చి సుదర్శనం ముందు నిలిచాడు. పొట్టి చేతుల మీది సూది రంధ్రాలను రెండు వైపులా తడిమాడు. అవి ఏ ఆకారంలో ఉన్నాయో ఆ వేళ్ళకు తెలియకపోదు.

"సుదర్శనం, ఇదేంది?"

"దర్జీ పొరపాటున నన్ను నాయక్ చేసినాడు సాబ్. పెరికించినా."

"మరి నీవి యాడ?"

"చేతులు ఎలకలు తినినాయి. ఇవి మాత్రం మిగిలినాయి." సుదర్శనం జేబులోంచి రంగు పోయిన పాత చారలు తీశాడు.

వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. సుందరరాజులు తల తిప్పి చూడగానే ఆ నవ్వు ఆగిపోయింది. "చెయ్యి చాపు" అన్నాడు. సుదర్శనం ఎడమ చెయ్యి చాచాడు. ముసలాయన చారలను ఆ ఒట్టి ముంజేతి మీద పరిచి, వంకర లేకుండా సర్ది, వేలితో అదిమి పట్టాడు.

రంగనాయకమ్మ రెండు అడుగులు ముందుకు వేసి మెడ సాచింది. ఆమెకు కావలసింది ఒక్కటే. మొన ఎటు ఉందో చూడాలి.

పైకే ఉంది.

"ఈడుండాల ఇవి" అని సుబేదారు పక్క మనిషి దగ్గరికి కదిలాడు.

మర్నాడు ఆమె ఆ చారలను ముంజేతికి కట్టుకునే ఒక పాత నారగుడ్డ పట్టీకి మొన పైకి వచ్చేలా తానే కుట్టింది. కుడి చేతి కొత్త చారలను కాగితంలో చుట్టి, తిరువళ్ళూరు సంతకు పోయిన రోజున భక్తవత్సలం బల్ల మీద పెట్టింది.

"ఏమక్కా, పెద్దాయనకు నచ్చలేదా?"

"ఆయనకు ప్రమోషన్ ఒద్దంట నాయనా" అంది రంగనాయకమ్మ. ఆ మాట తేలికగానే అంది గానీ, కుట్టించడానికని చేతి సంచిలో తెచ్చిన రవిక గుడ్డను మాత్రం అతనికి ఇవ్వకుండా ఇంటికి తెచ్చుకుంది.