సరంగు మామ కొట్టేసిన పేజీ

సరంగు మామ పోయాడని మొన్న సంగారెడ్డి బస్టాండులో తెలిసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాటికంటే ముందు కోపమొచ్చింది. నా మాటకు జవాబు చెప్పకుండానే పోయాడు, పెద్దమనిషి!

మంజీర నడుమ దీవి మీద విడిది బంగళా కట్టిన కొత్తలో అక్కడికి మనుషులను దాటించింది మా నాయన పుట్టి ఒక్కటే. తర్వాత లాంచీ కంపెనీ వచ్చింది. లాంచీ నడిపే సరంగుగా గోదావరి ఒడ్డు నుంచి ఈ మామ వచ్చాడు. ఏరు నడుమనే లోతుంటుందని ఆయన నమ్మకం. మొదటిరోజే పటాన్‌చెరు ఫ్యాక్టరీ కుటుంబాలతో నిండిన లాంచీని తీసుకెళ్ళి బండ మీద కూర్చోబెట్టాడు. నాయన పుట్టిలో అందరినీ ఒడ్డుకు చేర్చి, "జెర నన్నడిగితే ఏంబోయె సారూ? ఈడ నడుమంత బండలే. దారి ఒడ్డెంబడి ఉంటది," అన్నాడు.

ఆనాటి నుంచి ఏటా వరద తగ్గగానే నాయన గడతో నీళ్ళు తడిమి, దారి పొడుగునా కర్రలు పాతి ఎర్రగుడ్డలు కట్టేవాడు. మామ వాటి వెంట లాంచీ నడిపేవాడు. మా ఇంట్లో జొన్నరొట్టె తింటూ, "మా అక్క చేతి రొట్టె ముందు పూతరేకులెందుకండీ!" అని అమ్మను నవ్వించేవాడు. చిరిగిన టికెట్ల వెనక నాకు అక్షరాలు దిద్దించింది ఆయనే. "తప్పు రాస్తే కొట్టేసుకోవచ్చురా, అసలు రాయకపోతే ఏం కొట్టేస్తావ్?" అనేవాడు. ఇప్పుడీ నాలుగు ముక్కలు రాస్తున్నది ఆయన పట్టి దిద్దించిన చెయ్యే.

కంపెనీలు రెండు మారాయి. ఒకటి నీళ్ళెండిన ఏడు మూతబడింది, ఇంకొకటి ఇంజను చెడి. ఆ చరిత్రంతా ఆయన నోటుబుక్కులో రాసుకునేవాడు. "మొదటి పేజీ మీదే బావగారూ," అని నాయన చేతిలో చెయ్యేశాడు. ఇంకేం, నాయన కనబడ్డవాడినల్లా ఆపి, "నా పేరు బుక్కుల పడుతున్నదిరా!" అని చెప్పుకున్నాడు.

మూడో కంపెనీ దాన్ని అచ్చేసింది. మొదటి పేజీలో లాంచీ ఉంది. నాయన లేడు. ఎన్నిసార్లు తిరగేసినా లేడు.

వెళ్ళి అడిగాను. "బావ సంగతి రాస్తే లాంచీ బండెక్కిన సంగతీ రాయాలి కదరా. జనం ఎక్కరని కంపెనీ వద్దంది. నేనే కొట్టేశాను," అన్నాడు తలొంచుకుని.

"మరి మా నాయనకేం జెప్పాలె మామా?"

లేచి లోపలికెళ్ళిపోయాడు. నమ్మించి గొంతు కోశాడు. ఆ తర్వాత నేను ఆయన గడప తొక్కలేదు.

నాయనకు చదువు రాదు. ఆ రోజు పుస్తకం ముందేసుకుని, అందులో లేని పేజీని నేనే కల్పించి చదివాను.

చావు కబురు వినగానే నాయన వెక్కివెక్కి ఏడ్చాడు. ఆ తర్వాత లేచి, పుస్తకం తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. "మాటంటే మాటే, నిలబెట్టుకున్నడు బిడ్డా. ఆ మొదటి పేజీ ఇంకొక్కసారి సదువు."

తెరిచాను. బొమ్మలో లాంచీ పోతోంది. అంచున నీళ్ళలో ఒక కర్ర, దానికో గుడ్డ పేలిక. నాయన వేలు దాని మీదే ఉంది.