చీటీ మీద రాసిన ‘కొట్లాట’

తెలంగాణ రాష్ట్రం రావడానికి ఏడాది ముందు. ఫస్ట్ షిఫ్టు దిగి కమ్యూనిటీ హాల్లో ప్రాక్టీసుకు వెళ్లాను. ఖాజాను ఎత్తి కింద పడేయబోతే నడుం మధ్యలో పట్టేసింది. రెండు రోజులకు తగ్గుతుందనుకున్నాను.

నేను గోదావరిఖనిలో బొగ్గు గని కార్మికుణ్ణి. సాయంత్రాలు మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ ఆడేవాణ్ణి. గుద్దడం, తన్నడం, కుస్తీ, మూడూ కలిసిన ఆట అది. ఖాజా రామకృష్ణాపూర్ నుంచి వచ్చేవాడు. పోటీల్లోనూ రెండుసార్లు నా ఎదుట నిలబడ్డాడు.

నొప్పి తగ్గకపోతే కాలనీ పక్కన ఉన్న ప్రైవేటు క్లినిక్‌కు వెళ్లాను. కాంపౌండర్ అడిగాడు, “ఎట్లయింది?”

“ఫైటింగ్ ప్రాక్టీస్ చేస్త సార్.”

అతను ఓపీ చీటీ మీద ‘కొట్లాట’ అని రాశాడు. డాక్టర్ అది చదివి నన్ను ఎగాదిగా చూశాడు. “తాగి కొట్టుకున్నారా?”

“లేదు సార్, ఆట.”

“ఆటా! ఎవరి మీదయ్యా నీకంత కోపం?”

నాకు ఎవరి మీదా కోపం లేదు. షిఫ్టంతా బండ కింద ఒంగి పనిచేసేవాడికి, తన ఒళ్లు తన మాట వినే ఒక్క గంట కావాలి. అంతకే నేను రౌడీనయ్యాను. డాక్టర్ పెయిన్ కిల్లర్ రాసిచ్చి పంపాడు.

ఎనిమిది నెలల్లో నలుగురు డాక్టర్లు. అందరూ పాత చీటీ అడిగి ముందు దాన్నే చదివారు, అందరూ అవే గోలీలు రాశారు. గోలీలు మింగి ఆడుతూనే ఉన్నాను. ఈలోగా తొమ్మిది కిలోలు తగ్గాను. కింది వెయిట్ కేటగిరీలో ఆడొచ్చని మురిసిపోయాను కూడా. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఒక పొద్దున మంచం దిగబోతే కాళ్లు నిలబడలేదు. నా భార్య లత ఏడుస్తూ ఆటో పిలిచి పెద్ద దవాఖానలో చేర్పించింది. ఇక నడుస్తానో లేదో ఎవరూ చెప్పలేదు. మధ్యాహ్నం ఖాజా వచ్చాడు. లత వార్డు గుమ్మంలోనే ఆపేసింది.

“ఏం మొఖం పెట్టుకొని వచ్చినవ్? నా మొగన్ని మంచం ఎక్కించినవ్ గదా.”

“వదినె, నేను నడుం మీద ఎన్నడు కొట్టలె. ఒక్కటి చెప్త ఇను. పట్టు పట్టినప్పుడల్లా అన్న ఒళ్లు కాలుతుండె. చానా రోజుల సంది గట్లనే ఉంది. చెమట పట్టినంక ఒళ్లు సల్లవడాలె గదా?”

అదే మాట డ్యూటీ డాక్టరమ్మకూ చెప్పాడు. ఆమె చీటీ పక్కన పెట్టి నన్ను అడిగింది. “సాయంత్రం జ్వరం వస్తోందా? బరువు తగ్గారా?” రెండింటికీ అవునన్నాను. ఈ ప్రశ్నలు నన్ను అడిగిన మొదటి మనిషి ఆమె.

కరీంనగర్‌లో ఎంఆర్ఐ తీశారు. అక్కడి డాక్టర్ ఫిల్ము చూస్తూ అన్నాడు, “దెబ్బ కాదు, ఇన్ఫెక్షన్. స్పైన్ టీబీ. ఇంత లేటుగా వచ్చారేంటి?” లత నవ్వింది. ఆ నవ్వు మళ్లీ చూడాలని లేదు.

పద్దెనిమిది నెలలు టీబీకి వాడే ఏటీటీ మందులు, నడుంకు బెల్టు. రెండో నెలలో మందులు లివర్ మీద పడి కామెర్లొచ్చాయి. అన్నీ ఆపి, మళ్లీ ఒక్కొక్కటే మొదలుపెట్టారు. నేను మంచంలో ఉండగానే రాష్ట్రం వచ్చింది. వీధిలో రంగులు చల్లుకుంటూ “కొట్లాడి తెచ్చుకున్నం” అని అరిచారు. నన్ను పరామర్శించడానికొచ్చి “గా కొట్లాటలు నీకెందుకుర” అన్నవాళ్లూ వాళ్లలో ఉన్నారు. సంతోషంతో నాకూ కళ్లనీళ్లు వచ్చాయి. వాళ్లను చూసి ఒళ్లూ మండింది.

ఇప్పుడు నడుస్తున్నాను, ఎడమ పాదాన్ని కొంచెం ఈడుస్తూ. గనిపైన లైట్ డ్యూటీ చేస్తున్నాను. ఆట పూర్తిగా వద్దన్నారు. బుద్ధొచ్చిందని కాలనీవాళ్లు సంతోషిస్తున్నారు. వాళ్లకు జవాబు చెప్పడం మానేశాను.

నడుం నొప్పి రెండు వారాలు దాటి, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం తోడైతే ఎంఆర్ఐ గురించి అడగండి. మీ పనేంటో, ఆటేంటో తర్వాత చెప్పండి, ముందు ఒంట్లో ఏం జరుగుతోందో చెప్పండి. వినేదాకా కుర్చీలోంచి లేవకండి. చాప మీద నేను చేత్తో రెండుసార్లు తడితే ఖాజా ఆ క్షణమే పట్టు వదిలేవాడు, అది మా ఆటలో రూలు. డాక్టర్ల గదుల్లో ఎనిమిది నెలలు నొప్పి, నొప్పి అన్నాను. ఒక్కరూ ఆగలేదు.