సముద్రం దగ్గర రెండు రోజులు, రాజమండ్రిలో ఒకటి

మూడేళ్ల క్రితం వరకూ నాకు రాయడం రాదు. బడి దూరమై కాదు. మా ఇంట్లోకి బడి గంట వినబడేది. మా అమ్మ పెళ్లిళ్లకు వంట చేసేది. ఆవిడ పొయ్యి దగ్గర ఉన్నంతసేపూ చంటిపిల్లగా ఉన్న చెల్లిని నేను ఎత్తుకుని తిరగాలి. చెల్లికి నడక వచ్చేసరికి నాకు కూరలు తరగడం వచ్చేసింది. ఇక నన్ను బడికి పంపాలని ఎవరికీ తోచలేదు. చెల్లి మాత్రం ఐదో తరగతి దాకా చదివింది. తర్వాత ఇద్దరం అమ్మ పనిలోకే దిగాం. ఐదువందల మందికి ఏ సరుకు ఎంత కావాలో నేను నోటితో చెప్పేదాన్ని, చెల్లి కాగితం మీద పెట్టేది. అలా గడిచిపోతుంటే నాకు అక్షరాలతో పని పడలేదు. అరవైకి దగ్గరపడ్డాక ఒక వేసవిలో మోకాలు వాచి రెండు నెలలు మంచం మీద ఉన్నాను. పక్కింట్లో ఉండే రిటైరైన పంతులమ్మగారు రోజూ మధ్యాహ్నం వచ్చి కూర్చుని, కబుర్లు అయిపోయాక, నాకు అ ఆలు మొదలుపెట్టారు. ఇప్పటికీ మెల్లగానే రాస్తాను. ఈ నాలుగు పేజీలకు వారం పట్టింది.

రాయవలసింది మా చెల్లి గురించి.

మా అమ్మాయి రాజమండ్రిలో ఉంటుంది. పోయిన పుష్యమాసంలో, ముహూర్తాలు లేని రోజులు చూసి, మా ఇద్దరికీ ఒక ప్యాకేజీ తీసుకుంది. కోనసీమ చివర సముద్రం ఒడ్డున రిసార్టులో రెండు రోజులు, ఆ తర్వాత ఒక రోజు రాజమండ్రి ఊరంతా తిరగడం.

"మూడ్రోజులు నువ్వూ పిన్నీ పొయ్యి మొహం చూడకూడదమ్మా. టిఫిను, భోజనం, టీ అన్నీ అందులోనే. మీరు చెయ్యాల్సిందల్లా తినడం, పడుకోవడం" అంది ఫోనులో.

నేను వెంటనే ఒప్పుకున్నాను. విశ్రాంతి మీద ఆశ ఉండి కాదు. మాఘమాసంలో పెద్దాపురంలో ఒక పెళ్లి వంటకు తాంబూలం పుచ్చుకున్నాను. చెల్లి వస్తానని ఇంకా చెప్పలేదు. కార్తీకం నుంచి ఎప్పుడు అడిగినా "చూద్దాంలే అక్కా" అంటోంది. మూడు రోజులు పక్కపక్కనే ఉంటాం కదా, ఎలాగైనా సరే అనిపించుకోవచ్చని నా లెక్క.

చెల్లి లేకుండా ఆ పెళ్లి నేను చేయలేను. సాయానికి మనుషులు దొరకరని కాదు. అన్నం ఉడికిన గుండిగను చెరో వైపు గుడ్డలతో పట్టుకుని, ఒకేసారి లేపి, ఒకేసారి వంచి గంజి వార్చాలి. ఒకరు క్షణం ముందు వంచితే రెండోవాళ్ల కాళ్ల మీద పడుతుంది. ముప్పై ఏళ్లుగా నాకు అవతలి వైపు చెల్లే. "ఊఁ" అనవలసిన పని కూడా ఉండేది కాదు. కొత్తవాళ్లతో ఒకసారి ప్రయత్నించాను. ఎడమ పాదం మీద ఆ మచ్చ ఇంకా ఉంది.

మొదటి రోజుకు ముందు రాత్రే, భోజనాల వేళ దాటాక, రిసార్టుకు చేరాం. చేరగానే ఇద్దరి చేతులకూ నీలం రంగు పట్టీలు అంటించారు. వెళ్లేదాకా తీయకూడదట, అది చూసే భోజనం పెడతారట.

"తోరం కట్టారే అక్కా. ఏ వ్రతమో చెప్పలేదు" అంది చెల్లి. దారిలో కారులో ఒక్క మాట లేకుండా కూర్చున్న మనిషి నవ్వేసరికి నాకు ధైర్యం వచ్చింది.

మర్నాడు పొద్దున్న ఎనిమిదిన్నరకు టిఫినుకు వెళ్లాం. అద్దాల గది, అవతల సముద్రం. బల్ల మీద వరసగా మూతల గిన్నెలు, వాటి కింద చిన్న చిన్న మంటలు. పిల్లలతో వచ్చినవాళ్లు, కొత్త జంటలు, ఒక పెద్ద గుంపు. ఎవరికి కావలసింది వాళ్లు వడ్డించుకుంటున్నారు. మేం గోడ పక్కన నిలబడ్డాం.

"అక్కా, మనమూ తీసుకుందామా?"

"ఉండవే. పిల్లలున్నారు. తిననీ."

మా పనిలో వండినవాళ్లు ఆఖరి బంతి లేచాకే తింటారు. విస్తళ్ల ముందు ఒక వరస కూర్చుని తిని లేస్తే ఒక బంతి. ఆలస్యంగా వచ్చిన మగపెళ్లివారి తాలూకు మనిషి ఒక్కరు మిగిలి ఉన్నా మేం ఆకు వేసుకోం. అన్నం తగ్గితే మాట పడేది మేమే కదా. ఎవరూ నేర్పకుండానే ఒంటికి పట్టేసిన అలవాటు. ఆ రోజు కూడా నేను చూస్తున్నది వాళ్ల కంచాల వంకే. పూరీలు అయిపోవస్తున్నాయి, ఇంకో వాయి దించాలి అనుకున్నాను. చట్నీ జారుగా ఉంది అనుకున్నాను. ఒక గుంపు లేచింది, ఇంకో గుంపు వచ్చింది. చెల్లి ఇంకోసారి అడిగింది. "ఒక్క పది నిమిషాలే, రద్దీ తగ్గనీ" అన్నాను. రద్దీ తగ్గింది. మంటలు ఆర్పేసి, గిన్నెలు చక్రాల బల్లల మీద పెట్టి లోపలికి తోసుకుపోయారు.

తెల్ల టోపీ పెట్టుకున్న వంటాయన, యాభై ఏళ్లుంటాయి, మా దగ్గరికి వచ్చాడు.

"టిఫిన్ టైం పదిన్నర దాకానే అండి."

"మేం ఇంకా తినలేదండి" అన్నాను.

ఆయన మా చేతి పట్టీలు చూసి కంగారుపడ్డాడు. "అయ్యో! రెండు గంటల నుంచీ ఇక్కడే నుంచున్నారు కదండీ? పిల్లల్ని చూసుకోడానికి ఎవరో తీసుకొచ్చిన ఆయాలనుకున్నాను. ఏమీ అనుకోకండి."

"అందరూ తిన్నాక తిందామని..." అన్నాను.

ఆయన ఒక క్షణం నా మొహం చూశాడు. "వంట చేస్తారాండీ మీరు?"

"పెళ్లిళ్లకి."

"అదీ సంగతి. లోపలికి రండి, మా స్టాఫుకి వండింది ఉంది. వేడిగా పెడతాను."

నేను కదిలాను. చెల్లి కదల్లేదు. చేతి మీద పట్టీని వేలితో రుద్దుకుంటూ సముద్రం వైపు తలుపు తీసుకుని వెళ్లిపోయింది.

సిగ్గు విడిచి చెప్పాలంటే, ఆ మూడు రోజుల్లో నేను కుదురుగా ఉన్నది ఆ వంటింట్లోనే. తిరగేసిన ప్లాస్టిక్ డబ్బా మీద కూర్చుని అన్నం, టమాటా పప్పు తిన్నాను. పోపు ఇంకాస్త వేగాలన్నాను. "సెలవు మీద వచ్చి కూడా తప్పులు పడతారేంటండీ" అని ఆయన నవ్వాడు. ఒక పక్క కొత్తిమీర కట్ట విప్పి ఉంటే, మాట్లాడుతూ మాట్లాడుతూ ఏరిపెట్టేశాను.

బయటికి వచ్చేసరికి చెల్లి తాటాకుల గొడుగు కింద ఇసకలో కూర్చుని ఉంది.

"నువ్వూ రావల్సిందే. బాగా చూసుకున్నాడాయన."

"వంటింట్లో తినడానికి రాలేదక్కా నేను."

"పోనీలే, ఎక్కడైతే ఏంటి? కడుపు నిండాలి గాని."

"నీకు నిండింది కదా."

"మరి ఆకలితో కూర్చుంటావా?"

"ఒంటిగంటకి తింటాను. అందరికంటే ముందు తింటాను. చూస్తూ ఉండు."

అన్నట్టే ముప్పావుగంట ముందే వెళ్లి తలుపు దగ్గర నిలబడింది. తీయగానే మొదటి కంచం తనే తీసుకుంది. కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని, ఎవరి వంకా చూడకుండా, మెల్లగా తింది. రెండోసారి వెళ్లి పెరుగన్నం పెట్టుకొచ్చింది. నేను ఎదురుగా కూర్చుని, ఇదే సమయమనుకుని "పెద్దాపురం వాళ్లు..." అన్నాను.

"తిననీ అక్కా" అంది.

ఆ సాయంత్రమూ, మర్నాడూ అంతే. ప్రతి పూటా మొదటి మనిషి తనే. నేను వెనక నిలబడి, నా వెనక ఎవరైనా వస్తే పక్కకు జరిగి దారి ఇచ్చేదాన్ని. తను చీర కుచ్చిళ్లు పైకి పట్టుకుని మోకాళ్ల దాకా నీళ్లలోకి వెళ్లి నిలబడేది. నేను ఒడ్డున కూర్చునేదాన్ని. పెళ్లి వంట తర్వాత వచ్చే అలసట నాకు తెలుసు. అది ఒక నిద్రతో పోతుంది. ఏ పనీ చేయకుండా కూర్చుంటే వచ్చిన ఈ అలసట నిద్రకు కూడా పోలేదు. భుజాలు బరువెక్కాయి, మోకాళ్లు సలిపాయి. ఇన్నేళ్లూ వాటిని పట్టించుకోకుండా పని చేయించుకున్నానేమో, తీరిక దొరికేసరికి అన్నీ ఒక్కసారిగా లెక్క చెప్పుకోవడానికి వచ్చినట్టున్నాయి.

మూడో రోజు కారు రాజమండ్రిలో మమ్మల్ని దించింది. అమ్మాయి సెలవు పెట్టి వచ్చింది. ముందు పుష్కర ఘాట్, అక్కడి నుంచి కోటగుమ్మం, మెయిన్ రోడ్డు, రోజ్ మిల్క్, తాడితోటలో బట్టల కొట్లు. ఆటోలు, హారన్లు, రోడ్డు మీదికి తోసుకొచ్చిన బొమ్మలకు కట్టిన చీరలు. నేను ప్రతి కొట్టు మెట్ల మీదా కూలబడ్డాను. చెల్లి కొడుకు కాపురం ఈ ఊళ్లోనే అయినా తను పండగలకు తప్ప వచ్చేది కాదు. అలాంటిది ఊళ్లో పుట్టినదానిలా నడుస్తోంది. అమ్మాయి దారి తప్పితే తనే "ఇటు కాదే, పై సందు" అంటోంది.

"పిన్నికి ఇంత ఊరు ఎప్పుడు తెలిసిందే?" అన్నాను అమ్మాయితో.

అమ్మాయి తల దించుకుని ఫోను చూసుకుంది. నాకు చెప్పని సంగతేదో ఉందని, అది దానికీ తెలుసని అప్పుడు అర్థమైంది.

మధ్యాహ్నం దాటాక చెల్లి నా చెయ్యి పట్టుకుని ఒక సందులోకి తీసుకెళ్లింది. చిన్న కర్రీ పాయింటు. ముందు గాజు పెట్టె, అందులో స్టీలు ట్రేలు, లోపల రెండు గ్యాసు పొయ్యిలు. గల్లా దగ్గర కూర్చున్న ఆవిడ చెల్లిని చూసి "రండి రండి, మీ అక్కగారాండీ?" అంది.

సందు మొదట్లోకి వచ్చాక అడిగాను.

"ఇక్కడా?"

"వచ్చే మాఘం నుంచి చేరుతున్నాను. పొద్దున్న ఏడింటి నుంచి ఒంటిగంట దాకా. నాలుగు కూరలు, ఒక పప్పు, సాంబారు. మా అబ్బాయి ఇల్లు ఇక్కడికి రెండు సందులు."

"పని మానేస్తావేమో, ఒంట్లో బాగాలేదేమో అనుకున్నానే."

"పని మానేస్తున్నానని ఎవరన్నారు? నీతో చెయ్యడం మానేస్తున్నాను."

రోడ్డు మీద ఎవరో హారన్ కొడుతూనే ఉన్నారు. చెల్లి నన్ను గోడ వారకి జరిపింది.

"ఆవిడ నాకేం చెప్పిందో తెలుసా? పదకొండింటికి కూరలు దించేసి ముందు నువ్వు తిను, తర్వాతే తలుపు తీద్దాం అంది. అంతే. ఆ ఒక్క మాటకే ఒప్పుకున్నాను."

"నేనెప్పుడైనా నిన్ను తినొద్దన్నానా?"

"అనలేదు. అందరూ తినేదాకా నువ్వు తినవు. అక్క తినకుండా నేనెలా తినను? ముప్పై ఏళ్లక్కా. నా పెళ్లికి కూడా నువ్వు ఆఖరి బంతిలోనే తిన్నావు, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని. గుర్తుందా? పెళ్లికూతుర్ని!"

గుర్తుంది. ఆ రోజు అది నాకు ముద్దుగానే తోచింది.

"మొన్న ఆ గోడ పక్కన నుంచున్నప్పుడు చెబుదామనుకున్నాను. ఇంకా ఎవరి కోసం కాస్తున్నామక్కా అని. నోరు రాలేదు."

"మరి పెద్దాపురం?"

"వార్చడానికి నేను రాను. నువ్వూ వెళ్లకు. నీ మోకాళ్లు నాకు తెలీదేంటి?"

చంకలో ఎత్తుకుని తిరిగిన పిల్ల అని, ఆ పిల్ల మూలంగానే కదా నేను బడి మొహం చూడలేదని అనేద్దామనుకున్నాను. అనలేదు. ఎత్తుకోమని అది అడగలేదు. సాయంత్రం తను కొడుకు ఇంటికి వెళ్లిపోయింది, నేను అమ్మాయి ఇంటికి. ఆటో ఎక్కుతూ "అన్నం తిని పడుకో" అంది.

మర్నాడు పొద్దున్నే మొదటి బస్సుకు పెద్దాపురం వెళ్లాను. ఫోనులో చెప్పొచ్చు. కానీ తాంబూలం చేతిలో పుచ్చుకున్న మాట ఎదురుగా నిలబడే చెప్పాలి. పెళ్లికూతురి తల్లి వాకిట్లో ముగ్గు వేస్తున్నారు. చెల్లి రావడం లేదని, నా ఒక్కదాని వల్ల కాదని చెప్పాను. తిడతారని సిద్ధపడి వెళ్లాను.

"అయ్యో, అలాగాండీ" అన్నారు ఆవిడ, చేతి పిండి దులుపుకుంటూ. "ఏం పర్లేదండి. మా అబ్బాయి మొదటి నుంచీ కేటరింగ్ అంటూనే ఉన్నాడు. మీ పనసపొట్టు కూర కోసం నేనే పట్టుబట్టాను. తాంబూలం వెనక్కివ్వకండి, శుభమా అని పెళ్లి. ఉంచుకోండి."

అంత తేలిగ్గా తీరిపోతుందని అనుకోలేదు. కార్తీకం నుంచి నేను మోసిన బరువు ఆవిడకు ముగ్గు సగంలో ఆపాల్సినంత కూడా కాలేదు. లోపలికి కేకేసి కాఫీ తెప్పించారు. తాగి గ్లాసు కడగబోతే చేతిలోంచి లాక్కున్నారు. పనసపొట్టులో ఆవ ఎప్పుడు కలపాలో కేటరింగ్ వాళ్లకు చెప్పమని, కూర దించి చల్లారాకే కలపమని చెప్పాను. ఆవిడ అలాగేనండి అన్నారు, మళ్లీ ముగ్గు మీదికి వంగారు. నేను బస్టాండుకు నడిచి, మా ఊరు రామచంద్రపురం వెళ్లే బస్సు ఎక్కాను.